తొమ్మిదేళ్ల అమ్మాయి, ఒక అట్టముక్క, ఒక నాణెం

సైన్స్ ఫెయిర్ దగ్గరపడితే చాలు, నాకు మెసేజ్‌లు మొదలవుతాయి: "అన్నా, మంచి టాపిక్ చెప్పవా?" ఈ ఎపిసోడ్‌లో టాపిక్ చెప్పను. టాపిక్ ఎలా దొరుకుతుందో తెలిపే ఒక నిజం కథ చెప్తాను.

ముందు నా సంగతి. తొమ్మిదో తరగతిలో నేను అగ్నిపర్వతం చేశా. వంటసోడా, వెనిగర్ కలిపితే నురగ బాగా పొంగింది. అందరూ చప్పట్లు కొట్టారు. మా సైన్స్ సార్ మాత్రం, "ఇందులో నువ్వు కొత్తగా ఏం తెలుసుకున్నావురా?" అన్నారు. నోట మాట రాలేదు. పొంగుతుందని నాకు ముందే తెలుసు కదా!

ఇప్పుడు 1996లో అమెరికాలోని కొలరాడోకి వెళ్దాం. ఎమిలీ రోసాకి అప్పుడు తొమ్మిదేళ్లు. స్కూల్ సైన్స్ ఫెయిర్‌కి టాపిక్ వెతుకుతోంది. ఆ రోజుల్లో అక్కడ 'థెరప్యూటిక్ టచ్' అనే వైద్యం చాలామంది నర్సులు చేసేవారు. రోగిని తాకకుండా, ఒంటికి కాస్త పైన చేతులు ఆడిస్తూ, మనిషి చుట్టూ ఉండే శక్తిని సరిచేస్తామని చెప్పేవారు. ఎమిలీ ఆ వీడియో చూసింది.

"దీంతో రోగం తగ్గుతుందా?" అన్నది పెద్ద ప్రశ్న. అది తేల్చడం చిన్నపిల్ల వల్ల కాదు. అందుకే ఎమిలీ చిన్న ప్రశ్న పట్టుకుంది: అసలు ఆ శక్తి వీళ్ల చేతులకి తెలుస్తుందా?

మధ్యలో అట్ట అడ్డం పెట్టింది. వైద్యం చేసేవాళ్లు రెండు చేతులూ అట్ట కిందనుంచి ఇవతలికి చాపాలి. ఎమిలీ నాణెం ఎగరేసి, కుడో ఎడమో తేల్చుకుని, ఆ చేతికి కొంచెం పైన తన చెయ్యి ఉంచేది. ఏ చేతి మీదో వాళ్లు చెప్పాలి. అంతే!

మొత్తం 21 మంది, 280 సార్లు. సరిగ్గా చెప్పింది 123 సార్లు, అంటే 44 శాతం. ఊరికే ఊహించి చెప్పినా సగం కరెక్ట్ అవ్వాలి కదా!

అమ్మ, మరో ఇద్దరు పెద్దవాళ్లతో కలిసి రాసిన ఆ పేపర్ 1998 ఏప్రిల్‌లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో వచ్చింది. అప్పటికి ఎమిలీకి 11 ఏళ్లు. ఆ వైద్యం చేసేవాళ్లు ఒప్పుకోలేదు, విమర్శలు గట్టిగానే వచ్చాయి. కానీ ఆ లెక్క మాత్రం అలాగే నిలబడింది.

నాకు అర్థమైంది ఇదీ. నా అగ్నిపర్వతానికి "కాదు" అనే జవాబు వచ్చే వీలే లేదు. ఎమిలీ ప్రశ్నకి ఉంది. మీ ఇంట్లోనే వెతకండి. కుండకి తడిబట్ట చుడితే నీళ్లు ఇంకా చల్లబడతాయని అమ్మమ్మ అంటుందా? నిజమేనా? ఎన్ని డిగ్రీలు? రెండు కుండలు, ఒక థర్మామీటర్ చాలు. జవాబు ముందే తెలిస్తే మాత్రం ఆ టాపిక్ వదిలేయండి.