చదరంగపు గడుల లెక్క: శ్రేఢీ గణితపు పూర్వచరిత్ర

ఒక నియమం ప్రకారం వరుసగా పెరిగే లేదా తరిగే సంఖ్యల పంక్తిని శ్రేఢి అంటారు. ప్రతి పదానికీ ఒకే మొత్తాన్ని కలుపుతూ పోతే అది అంకశ్రేఢి, ప్రతి పదాన్నీ ఒకే సంఖ్యతో గుణిస్తూ పోతే గుణశ్రేఢి అవుతుంది. ఈ రెండింటినీ పంపకం, దానం, ప్రయాణం, వడ్డీ వంటి లోకవ్యవహారాలలోకి దింపి ప్రశ్నలుగా అడిగే అలవాటు చాలా ప్రాచీనమైనది. క్రీ.పూ. 1550 ప్రాంతంలో ఆమెస్ అనే ఈజిప్టు లేఖకుడు నకలు రాసిన పపైరస్ చుట్టలో, పది కొలతల బార్లీని పదిమందికి, ఒక్కొక్కరి వాటా పక్కవాడి వాటాకంటే కొలతలో ఎనిమిదో వంతు తేడాగా ఉండేటట్లు పంచమనే లెక్క కనిపిస్తుంది.

భారతదేశంలో ఈ విద్యకు సూత్రరూపం క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలోనే ఉంది. శ్రేఢి మొత్తాన్ని కట్టడమే కాక, మొత్తం తెలిసినప్పుడు పదాలెన్నో రాబట్టే పద్ధతిని కూడా ఆర్యభటుడు చెప్పాడు. తొమ్మిదో శతాబ్దిలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో గణితసారసంగ్రహం రచించిన జైన పండితుడు మహావీరాచార్యుడు శ్రేఢులకు ఎంత పెద్దపీట వేశాడంటే, గణితపు మూలక్రియలైన ఎనిమిది పరికర్మలలో మామూలు కూడికను, తీసివేతను చేర్చక, వాటి స్థానంలో శ్రేఢి పదాలను కూర్చే సంకలితాన్నీ, మొదటి కొన్ని పదాలను తొలగించి మిగిలినదాన్ని కట్టే వ్యుత్కలితాన్నీ నిలిపాడు.

1150లో భాస్కరాచార్యుడు రచించిన లీలావతిలో ఈ లెక్కలు కథల రూపంలో కనిపిస్తాయి. ఒక దాత బ్రాహ్మణులకు మొదటినాడు నాలుగు ద్రమ్మాలిచ్చి, ఆపై రోజుకు అయిదేసి పెంచుకుంటూ పదిహేను రోజులు ఇస్తే మొత్తమెంత అన్నది వాటిలో ఒకటి. ఇక్కడ మొదటి పదమైన నాలుగును ఆది అనీ, రోజువారీ పెరుగుదల అయిన అయిదును చయం అనీ, పదాల సంఖ్య అయిన పదిహేనును గచ్ఛ అనీ వ్యవహరిస్తారు. చివరినాటి దానం, అంటే అంత్యధనం, 74. ఆదికీ అంత్యానికీ సగటు అయిన మధ్యధనం 39. దాన్ని పదిహేనుతో గుణిస్తే సర్వధనం 585 ద్రమ్మాలు. శత్రువు ఏనుగులను పట్టుకోవడానికి బయలుదేరిన రాజు మొదటినాడు రెండు యోజనాలు నడిచి, రోజూ ఒకే మేర వేగం పెంచుతూ ఏడు రోజులలో 80 యోజనాలు దాటాడన్న మరో లెక్కలో ఆ పెంపు 22/7 యోజనాలుగా తేలుతుంది. యోజనాన్ని ఎనిమిది కిలోమీటర్లకే పరిమితం చేసినా, చివరిరోజున ఆ రాజు 160 కిలోమీటర్లకు పైగా నడిచి ఉండాలి! ఏ సైన్యానికీ సాధ్యం కాని ఈ నడకను బట్టి చూస్తే, ఇటువంటి లెక్కలలో కథకు తగిన సూత్రాన్ని వెతకడం కంటే, సూత్రానికి తగిన కథను అల్లడమే ఎక్కువగా జరిగిందని చెప్పక తప్పదు.

గుణశ్రేఢి విషయం మాత్రం వేరు, ఎందుకంటే అక్కడ అసంభవమే పాఠం. తొలిరోజు రెండు గవ్వలిచ్చి, రోజూ దానిని రెట్టింపు చేస్తూ నెలరోజులు ఇస్తే ఎన్ని నిష్కాలవుతాయని లీలావతి అడుగుతుంది. నిష్కానికి 20,480 గవ్వల చొప్పున జవాబు 1,04,857 నిష్కాలు, పైన కొంత చిల్లర. ఇంత పెద్ద ఘాతాన్ని కట్టడానికి పూర్వులు పదాల సంఖ్య సరి అయితే సగం చేసి వర్గమని, బేసి అయితే ఒకటి తీసి గుణమని గుర్తు పెట్టుకుంటూ సున్న దాకా దిగి, ఆ గుర్తులనే వెనుకనుంచి అమలు చేసే ఉపాయాన్ని వాడారు. దీని మూలం పింగళుని ఛందశ్శాస్త్రంలో ఉంది. లఘుగురువుల అమరికలు ఎన్ని రకాలో లెక్కించడానికి పుట్టిన పద్ధతి గణకులకు అక్కరకు వచ్చింది.

మహావీరుని గ్రంథాన్ని పద్యాలలో తెలుగు చేసి, జైనమతపరమైన ఉదాహరణల స్థానంలో శైవమైనవాటిని చేర్చిన పావులూరి మల్లన పేరున ప్రసిద్ధమైన ఒక చంపకమాల ఈ సంప్రదాయానికి తెలుగులో శిఖరం. చదరంగపు బల్లమీద మొదటి గడికి ఒకటి, రెండోదానికి రెండు, మూడోదానికి నాలుగు చొప్పున అరవైనాలుగు గడుల మొత్తాన్ని ఆ పద్యం భూతసంఖ్యలలో, అంటే శశి అంటే ఒకటి, శరం అంటే అయిదు, వేదం అంటే నాలుగు అనే సంకేతాలలో, ఒకట్ల స్థానం నుంచి ఎడమకు పేరుస్తుంది. వచ్చే సంఖ్య 18446744073709551615. పైన చెప్పిన ఉపాయం ప్రకారం 64ను సగాలు చేస్తే ఆరు వర్గాలు చాలు: 2 నుంచి 4, 16, 256, 65536, 4294967296, చివరకు 18446744073709551616, అందులో ఒకటి తీసేస్తే మల్లన సంఖ్య. ఇరవై అంకెలలో ఒక్కటి తప్పినా లెక్క చెడుతుంది కాని, ఆ అంకెలు గణయతిప్రాసలలో బిగిసి ఉన్నందువల్ల పద్యం నోటికి వచ్చినవాడికి జారిపోవు; భూతసంఖ్యలు ఇంత సార్థకంగా కుదిరిన పద్యాలు తెలుగులో అరుదు.

నేటి పదో తరగతి గణితంలో శ్రేఢులకు ఒక అధ్యాయం ఉన్నా, ఫలానా లెక్కకు ఏ శ్రేఢి వర్తిస్తుందో విద్యార్థి తానుగా తేల్చుకునే అవసరం తక్కువగానే కలుగుతుంది. ఆ తేడా తప్పనిసరిగా తెలియవలసిన చోటు అప్పు పత్రం. అసలుమీద మాత్రమే పెరిగే బారువడ్డీలో బాకీ అంకశ్రేఢిగానూ, వడ్డీమీద వడ్డీ పడే చక్రవడ్డీలో గుణశ్రేఢిగానూ సాగుతుంది. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 10,000 రూపాయలు అయిదేళ్లకు బారువడ్డీతో 22,000 అయితే, ఏటేటా వడ్డీని అసలులో కలిపే చక్రవడ్డీతో 29,316 అవుతాయి.