నియాను అంకెల గడియారములు: మన సీమతో వాని చుట్టరికము

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలోని మన ఇండ్లలో గడియారమునకు గౌరవస్థానము కలదు. నడిమింటి గోడమీద, పెద్దల పటముల సరసన, అది వ్రేలాడుచుండును. మాబోటి కొందరి ఇండ్లలో నిటీవల బల్లమీద మరియొక గడియారము వెలసినది. దానికి ముండ్లు లేవు. నాలుగు గాని, ఆరు గాని గాజుబుడ్లు వరుసగా నిలిచియుండును. ఒక్కొక్క బుడ్డిలో నొక్కొక్క అంకె పొయ్యిలోని నిప్పుకణిక రంగున వెలుగుచుండును. అంకె మారినపుడెల్ల వెలుగు కొంచెము ముందునకో వెనుకకో జరిగినట్లు తోచును. చూడవచ్చిన బంధువులు ఇది ఏ దేశపు వస్తువని అడుగుదురు. అమెరికా వారు కనిపెట్టినది, రష్యా వారు చేసినది అని చెప్పి ఊరకుందుము. ఆ జవాబు తప్పు కాదు, కాని సగమే. ఆ వెలుగునకు మన నందికొండ పరిసరములతో గల చుట్టరికమును గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

ఆ బుడ్డిలో నుండునది నియాన్ అను వాయువు. మనము పీల్చు గాలిలోనే అది కలదు గాని, లక్ష లీటర్ల గాలిని వడపోసినను రెండు లీటర్లైన దొరకదు. 1898లో లండన్ యూనివర్సిటీ కాలేజీయందు విలియం రామ్సే, ఆయన సహాయకుడు మారిస్ ట్రావర్స్ కలిసి దీనిని వేరుపరచిరి. వాయువులను ద్రవముగా మార్చి, ఆ ద్రవమును మెల్లమెల్లగా మరుగనిచ్చి, ఆవిరియగు భాగములను వరుసగా పట్టుట వారి పద్ధతి. అట్లు పట్టిన ఒక భాగమును గాజునాళికలో నింపి విద్యుత్తు పంపగా నాళిక యంతయు ఎఱ్ఱగా జ్వలించెను. ఏ వర్ణపటమును తీసి చూడకమునుపే, ఇది క్రొత్త మూలకమని ఆ రంగే వారికి చెప్పినది. రామ్సే గారి పదుమూడేండ్ల కుమారుడు క్రొత్తది యను అర్థముగల లాటిన్ మాటను సూచింపగా, తండ్రి దానిని గ్రీకులోనికి మార్చి నియాన్ అని పేరుపెట్టెను.

ఇక మన సంబంధము. జంషేట్జీ టాటా తలపెట్టిన విజ్ఞానశాలకు తగిన చోటు చూచుటకై 1900-01 సంవత్సరములలో ఈ రామ్సేయే మన దేశమునకు వచ్చి, ఊరూరు తిరిగి, బెంగుళూరు తగినదని చెప్పెను. మైసూరు సంస్థానము 371 ఎకరముల భూమినిచ్చెను. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ 1909లో ఏర్పడి 1911లో విద్యార్థులను చేర్చుకొనెను. దాని మొదటి డైరెక్టరు మరెవ్వరో కారు, ఆ మారిస్ ట్రావర్సే. 1906లో వచ్చి 1914 వఱకు ఆయన బెంగుళూరులో నుండెను. ముద్దేనహళ్ళిలో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు 1912లో మైసూరు దివాను పదవి చేపట్టునప్పటికి ట్రావర్స్ ఇంకను ఇచటనే యున్నాడు. లోకములో నియాన్ వెలుగును మొట్టమొదట చూచిన రెండు జతల కన్నులలో ఒక జత, మన నందికొండకు నలువది మైళ్ళ లోపున ఎనిమిదేండ్లు మెలగినదన్నమాట. బెంగుళూరులో ఆయనను తలచువారు కట్టడములు కట్టించిన అధికారిగానే తలతురు. ఆ వెలుగు మాట ఎవరును ఎత్తరు.

1910లో పారిస్ నగరమున జార్జి క్లాడ్ నియాన్ దీపమును ప్రదర్శించెను. తరువాత అది అంగళ్ళ బోర్డులకెక్కినది. అంకెలకెక్కుటకు మాత్రము చాలకాలము పట్టినది. అమెరికాలో హైడూ సోదరుల సంస్థ రూపొందించిన అంకెల నాళికను బరోస్ కంపెనీ 1955లో నిక్సీ అను పేరుతో అమ్మకమునకు తెచ్చెను. అంకెలు చూపు సాధనము, ప్రయోగదశ, మొదటిది అను ఆంగ్లపదముల ముక్కలనుండి ఆ పేరు వచ్చినదందురు. దాని కట్టుబడి యిది: 0 మొదలు 9 వఱకు పది అంకెలను సన్నని లోహపు రేకుతో గాని తీగతో గాని మలచి, ఒకదాని వెనుక నొకటి పేర్చి, వాని ముందు వలవంటి ధన ధ్రువమును నిలిపి, గాజుబుడ్డిలో మూసి, కొద్దిపాటి నియానును నింపుదురు. ఏ అంకెకు విద్యుత్తు చేరునో ఆ అంకెను అంటుకొని వాయువు వెలుగును. కాలునది లోహము కాదు. తంతువు లేదు గనుక బుడ్డి పెద్దగా వేడెక్కదు. అంకెలు వేర్వేరు లోతులలో నుండుటచేతనే పైన చెప్పిన ముందువెనుకల కదలిక. రష్యా వారి ఐఎన్-12, ఐఎన్-14 రకములలో 5 అంకెకు వేరే అచ్చు పోయక 2 నే తలక్రిందులు చేసి పెట్టిరి. పొదుపునకు మన గృహిణులే కాదు, వారును తీసిపోరు!

ఈ నాళికకు జ్ఞాతియగు మరియొక నాళిక మన జిల్లాలోనే లోకవిఖ్యాతమైన పని చేసినది. 2007లో చిక్కబళ్ళాపురము ప్రత్యేక జిల్లా యగువఱకు మన తాలూకాలన్నియు కోలారు జిల్లాలోనివే గదా. ఆ జిల్లాలోని బంగారు గనులలో, సుమారు 2,300 మీటర్ల లోతున, టాటా మౌలిక పరిశోధన సంస్థ వారును, జపానులోని ఒసాకా, ఇంగ్లండులోని డర్హామ్ విశ్వవిద్యాలయముల వారును కలిసి ఒక పరికరమును నిలిపిరి. అందులో నియాన్ నింపిన గాజునాళికలు వరుసలు వరుసలుగా నుండెను. కణమొకటి దూసికొనిపోయిన వెంటనే హెచ్చు వోల్టేజి తగిలించినచో, అది పోయిన దారిలోని నాళికలు మాత్రము తళుక్కున వెలుగును. ఆ వరుసను కెమెరా పట్టుకొనును. పైనున్న రాతి మందమంతయు ఇతర కణములను అడ్డగించును. న్యూట్రినోకు ఆ రాయి అడ్డు కాదు. 1965లో వాతావరణమున పుట్టిన న్యూట్రినోల జాడను ఇచట కనుగొనిరి. అదే యేట దక్షిణాఫ్రికా గనిలో మరియొక బృందము వారును కనుగొనిరి. మీనన్, శ్రీకంఠన్, రమణమూర్తి, నరసింహం మొదలగువారి పేర్లు ఆ పత్రముపై గలవు. ఆ గనులలో దిగినవారిలో తమిళులతో పాటు చిత్తూరు వైపునుండి వచ్చిన తెలుగువారును ఉండిరి. గనులు 2001 ఫిబ్రవరిలో మూతబడినవి.

1970 తరువాత చిన్న బ్యాటరీతో నడచు ఎఱ్ఱ దీపపు అంకెలు, పిమ్మట ద్రవస్ఫటికపు అంకెలు వచ్చి నిక్సీని తరిమివేసినవి. మీటర్లు, కౌంటర్లు, తూకపు యంత్రములు గోదాములలోనికి, అచటినుండి తూకమునకు పాత ఇనుప అంగళ్ళకు చేరినవి. మేము ఈ పనిలో దిగుటకు కారణమును అట్టి అంగడియే. ఏదో ప్రయోగశాల వదలుకొన్న కౌంటరు పెట్టె యొకటి బెంగుళూరు ఎస్.పి. రోడ్డు సమీపమున కిలో లెక్కన అమ్ముడగుచుండగా చూచితిమి. అంగడివాడు రాగి తీగను ఊడదీసికొని, గాజుబుడ్లను ప్రక్కన పారవేయుచుండెను. ఆరు బుడ్లు మిగిలినవి. అందొకటి మా అజ్ఞానమువలననే పోయినది. ధన ధ్రువమున కొక నిరోధకము తగిలింపవలెనని తెలియక నేరుగా విద్యుత్తు నిచ్చితిమి. బుడ్డి ఒక్క క్షణము నీలముగా మెరసి నల్లబడెను. ఈ బుడ్లను పెద్ద కర్మాగారములు చేయుట మానివేసి దశాబ్దములైనది. చెక్ దేశమున డాలిబోర్ ఫార్నీ యనునతడు చేతిపనిగా మరల చేయుచున్నాడు గాని, వాని వెల మనబోటివారికి అందునది కాదు. కనుక పోయిన బుడ్డి పోయినదే.

కట్టువారికి రెండు మాటలు. బుడ్డి వెలుగుటకు సుమారు 170 వోల్టులు కావలెను. గోడలోని విద్యుత్తును నేరుగా మలచుట ప్రాణాపాయము. 12 వోల్టుల అడాప్టరునుండి పైకి పెంచు చిన్న బోర్డును వాడవలెను. ఆ బోర్డునుండి వెలువడు 170 వోల్టులును ముట్టదగినవి కావు. వెనుకటి గడియారములు కరెంటులోని సెకనుకు 50 ఊపులను లెక్కించి కాలము చెప్పెడివి. కరెంటు పోయిన అవి సున్నయే. మన పల్లెలలో ఆ పద్ధతి పనికిరాదు. సెకనుకు 32,768 మార్లు కంపించు స్ఫటికమును, గుండీ బ్యాటరీని అమర్చినచో ఎంత కోతయైనను కాలము తప్పదు.

మాకు చిరకాలముగా నొక కోరిక కలదు. ఈ బుడ్లలో అంకెలేయని లేదు. కూడిక గుర్తులు, అక్షరములు గల రకములును వచ్చినవి. రేకును ఏ రూపమున కోసినను వెలుగు ఆ రూపమునే దాల్చును. అట్లయిన మన తెలుగు అంకెలేల కూడదు? మన పిల్లలలో ౪ ను చూచి నాలుగని చదువగలవారెందరు? ఇంటిలో తెలుగు, బడిలో కన్నడము నేర్చిన మనవారికి ఒక సౌలభ్యము కలదు. రెండు భాషల అంకెలును ఇంచుమించు ఒకటే. బస్సులమీద, మైలురాళ్ళమీద కన్నడ అంకెలు నేటికిని కనబడుచున్నవి. పంచాంగములలో సైతము తెలుగు అంకెలు అరుదైనవి. అట్టి బుడ్డి యొకటి తయారైనచో అది ఏ భాషదని పొరుగువారితో తగవు పెట్టుకొన నక్కరలేదు.

ఈ బుడ్లకు ఒక రోగము కలదు. చాలకాలము వెలుగని అంకెపై, వెలుగుచున్న అంకెలనుండి రాలిన లోహపు నలుసు పేరుకొనును. ఎన్నడో దానిని పిలిచినపుడు సగమే వెలుగును. గంటల పదుల స్థానములో 0, 1, 2 తప్ప మరి యేవియు రావు గనుక ఆ బుడ్డికి ఈ బాధ హెచ్చు. అందుచేత ఇంటివారందరు నిద్రించు వేళ, రాత్రి రెండు గంటలకు, అన్ని బుడ్లలోను పది అంకెలును వరుసగా కొన్ని నిమిషములు వెలుగునట్లు అమర్చితిమి. మా ఇంటి పిల్లలు ఆ సంగతి తెలిసికొన్న నాటినుండి, సెలవు రాత్రులలో రెండు కొట్టువఱకు మేలుకొని కూర్చుండుచున్నారు.