గ్రహణం మర్నాడు గుంటూరులో

అల్ కుసైస్‌లో రాత్రి మేడెక్కితే ఇటు దుబాయ్ దీపాలు, అటు షార్జా దీపాలు. చుక్కల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు! పెద్ద వెలుగు పక్కన చిన్న వెలుగు కనబడదు మరి. ఈ చిక్కుకి ఒక ఉపాయం మన గుంటూరులోనే దొరికింది. ఈ రోజు ఆ కథ చెప్పుకుందాం.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్సు నుంచి జాన్సెన్ గుంటూరు వచ్చాడు. బ్రిటిష్ వారి తరఫున మేజర్ టెనెంట్ బృందమూ అక్కడే. మద్రాసు అబ్జర్వేటరీ పోగ్‌సన్ మచిలీపట్నంలో ఉన్నాడు. చంద్రుడు పూర్తిగా కప్పగానే సూర్యుడి అంచున ఎర్రటి మంటలు కనబడ్డాయి. జాన్సెన్ వాటిని స్పెక్ట్రోస్కోపులో చూస్తే, ఇంద్రధనుస్సు లాంటి పట్టీకి బదులు విడివిడిగా మెరిసే గీతలు వచ్చాయి. అంటే అది వేడి వాయువు, ముఖ్యంగా హైడ్రోజన్.

గీతలు ఇంత బాగా మెరుస్తుంటే గ్రహణం లేకపోయినా కనబడాలి కదా అనుకున్నాడాయన. మర్నాడు పొద్దున్నే చూశాడు. కనబడ్డాయి! కిటుకేమిటంటే, స్పెక్ట్రోస్కోపులో ఎండ అన్ని రంగుల్లోకీ పరుచుకుని పలచబడుతుంది. వాయువు వెలుగు కొద్ది గీతల్లోనే ఉంటుంది కాబట్టి అలా పలచబడదు. ఇంగ్లండులో లాక్యర్ కూడా అదే అక్టోబరులో, ఈ సంగతి తెలియకుండానే, ఇదే సాధించాడు.

హీలియాన్ని గుంటూరులో కనుక్కున్నారని మనవాళ్ళు చెప్పుకుంటారు. నన్నడిగితే అది సగం మాటే. గ్రహణంలో కనబడ్డ పసుపు గీత కొత్త మూలకానిదని తర్వాత అన్నది లాక్యర్. భూమి మీద దాన్ని పట్టుకున్నది రామ్సే, 1895లో. గుంటూరు అసలు గొప్ప ఆ మర్నాటి ఉదయానిది.

ఆ ఉపాయం ఇప్పుడు గెలాక్సీల దాకా వెళ్ళింది. మన పాలపుంత చుట్టూ వేడి వాయువు ఆవరించి ఉండాలని 1956లో స్పిట్జర్ రాశాడు. గెలాక్సీల చుట్టూ ఉండే ఈ వాయువే కొత్త నక్షత్రాలకి ముడిసరుకు. కానీ దాని వెలుగు మరీ మసక. చాలాకాలం, వెనకున్న క్వేజార్ల వెలుగులో పడే నీడను బట్టే దాన్ని పసిగట్టారు. 2014లో చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోపుకి మ్యూజ్ అనే పరికరం అమర్చారు. అది ఒకేసారి దాదాపు 90,000 వర్ణపటాలు తీస్తుంది. అందులో హైడ్రోజన్ గీత ఒక్కటే ఉంచి మిగతా వెలుగు తీసేస్తే, దూరపు గెలాక్సీల చుట్టూ ఆ వాయువు బయటపడుతుంది.

ఇక మా వృత్తికి దగ్గరి సంగతి. ఈగిల్, ఇలస్ట్రిస్ టీఎన్‌జీ లాంటి సిమ్యులేషన్లు గురుత్వాకర్షణనీ, వాయువు చల్లబడే తీరునీ లెక్కగడతాయి. అయితే పేలే ఒక్కొక్క నక్షత్రం వాటి లెక్కకి అందనంత చిన్నది. అక్కడ అంచనా మీద ఒక నియమం రాసుకోవాల్సిందే. ఆ నియమం మారిస్తే వాయువు ఎంత దూరం చిమ్ముతుందో కూడా మారిపోతుంది. ఏ నియమం నిలుస్తుందో తేల్చడానికి మళ్ళీ ఆ మసక వెలుగునే కొలవాలి. ఆ పని ఇంకా సాగుతోంది.

ఈ వారానికి సెలవు.