గల్లీ అంత కమిటీ

కరాచీ శివారులో ఇరుగుపొరుగు తవ్వుకున్న మురుగు కాల్వల కథ

కాలనీ సంఘం మీటింగు ఎలా నడుస్తుందో చెప్పనక్కర్లేదు. డ్రైనేజీ పొంగుతోందని ఒకరు లేస్తారు. మున్సిపాలిటీకి అర్జీ పెట్టి ఆరు నెలలయిందని ఇంకొకరు అందుకుంటారు. కోశాధికారి చందా కట్టని ఇళ్ల జాబితా తీస్తాడు. టీలు వచ్చేసరికి మాట ‘అసలిది ఎవరి పని?’ అన్న దగ్గరికి చేరి, అక్కడే చల్లారిపోతుంది.

ఈ ప్రశ్నను 1980లో కరాచీ నగరపు వాయవ్య అంచున ఉన్న ఓరంగీ బస్తీలో ఒక పెద్దాయన పట్టుకున్నాడు. పేరు అఖ్తర్ హమీద్ ఖాన్. అప్పటికి ఆయనకు అరవై అయిదేళ్లు.

తాళాలు బాగుచేసిన ఐసీఎస్

1914లో ఆగ్రాలో పుట్టిన ఖాన్ ఐసీఎస్ అధికారిగా బెంగాల్‌లో పనిచేశాడు. 1943 కరువును దగ్గర నుంచి చూశాక ఆ కొలువులో ఉండలేకపోయాడు. రాజీనామా ఇచ్చి, అలీగఢ్ దగ్గర ఒక పల్లెలో కూలిపని చేశాడు, తాళాలు బాగుచేశాడు. దేశవిభజన తర్వాత తూర్పు పాకిస్తాన్‌లోని కొమిల్లాకు చేరి, రైతుల సహకార సంఘాలతో చేసిన కృషికి 1963లో రామన్ మెగసెసే అవార్డు అందుకున్నాడు. బీసీసీఐ బ్యాంకు అధిపతి ఆగా హసన్ అబేదీ పిలుపు మీద ఓరంగీకి వచ్చాడు.

1965 ప్రాంతంలో మొదలైన ఆ బస్తీ, 1971లో బంగ్లాదేశ్ ఏర్పడ్డాక వలస వచ్చిన కుటుంబాలతో ఒక్కసారిగా ఉబ్బిపోయింది. దళారులు ప్రభుత్వ భూమిని ప్లాట్లు కోసి అమ్మారు. వీధులు తిన్నగానే గీశారు గానీ మురుగు పోయే దారి ఎవరూ చూడలేదు. కొన్ని ఇళ్లలో ఎత్తి పారబోసే బకెట్ పాయిఖానాలు, కొన్ని ఇళ్లలో కొన్నేళ్లకే నిండిపోయే ఇంకుడు గుంతలు. వాడుక నీళ్లన్నీ వాకిట్లోనే. పిల్లలు ఆడుకునేది అందులోనే.

ఖాన్ మొదట్లో ఏ పనీ మొదలుపెట్టలేదు. నెలల తరబడి బస్తీలో తిరిగాడు, జనం చెప్పేది విన్నాడు. మురుగు గురించి అడిగితే అందరిదీ ఒకటే మాట: అది సర్కారు వేయాలి, ఉచితంగా వేయాలి. అయితే వీళ్లే సొంత డబ్బుతో, మేస్త్రీలను పెట్టుకుని ఇళ్లు కట్టుకున్న వాళ్లు. గోడ కట్టగలిగిన మనిషి గొట్టం ఎందుకు వేసుకోలేకపోయాడు? గోడ తన ఒక్కడిది, గొట్టం పదిమందిదీ. చిక్కంతా అక్కడే ఉందని ఖాన్‌కు అర్థమైంది.

ఇరవై ముప్ఫై గడపలు

పదిమందిదీ అయిన పనికి ఎంతమంది కావాలి? బస్తీ మొత్తానికి ఒక పెద్ద సంఘం పెడితే అది నాయకుల చేతుల్లోకి పోతుంది. అందుకే ఖాన్ మొదలుపెట్టిన ఓరంగీ పైలట్ ప్రాజెక్ట్ గల్లీని కొలతగా తీసుకుంది. ఒక గల్లీలో ఇరవై, ముప్ఫై, మహా అయితే నలభై ఇళ్లు. ఎవరింట్లో ఎందరు సంపాదిస్తారో, ఎవరు మాట మీద నిలబడతారో అక్కడ అందరికీ ఎరుకే.

పద్ధతి ఇది. గల్లీ వాళ్లు కూర్చుని తమలో ఒకరిని గల్లీ మేనేజర్‌గా ఎన్నుకుంటారు. అతను అందరి తరఫునా సాయం కోరుతూ ప్రాజెక్ట్ వాళ్లకు దరఖాస్తు పెడతాడు. వాళ్లు వచ్చి లెవెల్ తీసి, నీటి వాటం చూసి, ప్లాను గీసి, ఖర్చు అంచనా ఇస్తారు. పనిముట్లు, సెంట్రింగ్ అచ్చులు అరువిస్తారు. డబ్బు మాత్రం ముట్టుకోరు. ఇంటింటికీ వాటా తేల్చడం, వసూలు చేయడం, పని చేయించడం గల్లీ వాళ్ల వంతు. లెక్క అడగాలంటే ఆఫీసుకు వెళ్లనక్కర్లేదు, ఎదురింటి తలుపు తడితే చాలు.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు వాటా ఇవ్వనన్న ఇల్లు ఎక్కడైనా ఉంటుంది. అలాంటి చోట ఒప్పించాల్సింది ఇరుగుపొరుగే, ఇంజనీరు కాదు. ముప్ఫై గడపల మధ్య మొహమాటానికి ఉండే బలం మూడు వందల గడపల మధ్య ఉండదు.

ఖర్చూ తగ్గింది. ఆర్కిటెక్ట్ ఆరిఫ్ హసన్ వంటివారి సలహాతో డిజైన్లు తేలికయ్యాయి, కాంట్రాక్టరు లాభం తప్పింది. 1980ల తొలి రోజుల్లో మరుగుదొడ్డి, గల్లీ గొట్టం కలిపి ఇంటికి సుమారు వెయ్యి పాకిస్తానీ రూపాయలయ్యేది. సర్కారు అంచనాలు దానికి ఎన్నో రెట్లు. ఒక గల్లీ ఎండిపోవడం చూసి పక్క గల్లీ కదిలింది. ఏళ్లు గడిచేసరికి లక్షకు చేరువగా ఇళ్లు ఇలా తమ ఖర్చుతో మురుగు వ్యవస్థ కట్టుకున్నాయి.

మనది ఎక్కడిదాకా?

జనమే అన్నీ చేసుకోవాలని చెప్పిన కథగా దీన్ని చదివితే పొరపాటు. ఓరంగీ లెక్క ప్రకారం పని నాలుగు అంచెలు. ఇంట్లో మరుగుదొడ్డి, గల్లీ గొట్టం, కొన్ని గల్లీలను కలిపే పిల్ల కాల్వ: ఈ మూడూ జనానివి. నాలుగోది, ఆ నీటిని ఊరు దాటించే పెద్ద కాల్వ, శుద్ధి కేంద్రం: అది ప్రభుత్వానిది, ఏ గల్లీ చందాకూ అందేది కాదు. తమ మూడు వంతులూ పూర్తి చేసుకుని వెళ్లిన వాళ్లు నాలుగోదాని కోసం అడిగితే, కాదనడం అధికారికి అంత సులువు కాదు.

అడగాలంటే చేతిలో ఆధారం ఉండాలి. ఆ ఆధారం పటం. ఢాకాలో పుట్టి, 1971 తర్వాత కుటుంబంతో కరాచీ చేరిన యువ ఆర్కిటెక్ట్ పర్వీన్ రహ్మాన్ 1980ల తొలినాళ్లలో ప్రాజెక్ట్‌లో చేరింది. బస్తీ కుర్రాళ్లకు సర్వే నేర్పించి గల్లీ గల్లీకీ, నాలా నాలాకూ పటాలు గీయించింది. తర్వాత ఆమె నగరం అంచున కబ్జా అవుతున్న పల్లెల భూముల వివరాలు కూడా నమోదు చేసింది. 2013 మార్చి 13న పని ముగించుకుని ఇంటికి వెళుతుంటే దారిలో కాల్చి చంపారు. కాల్వల పటంతో పేచీ లేని వాళ్లకు భూముల పటం కంటగింపయిందని అనుమానం.

మన హైదరాబాద్ ఇదే ప్రశ్నకు వేరే వైపు నుంచి వచ్చింది. 1967లో నగరపాలక సంస్థే పట్టణ సామాజికాభివృద్ధి పథకం మొదలుపెట్టి కార్యకర్తలను బస్తీలకు పంపింది. మహిళా మండళ్లు, బాల్వాడీలు, కుట్టు తరగతులతో మొదలైన పని 1970ల చివరికి బ్యాంకు రుణాలతో ఇళ్లు కట్టుకునే దాకా సాగింది. ఓరంగీలో జనం కదిలి సర్కారును పిలిచారు, ఇక్కడ సర్కారు కదిలి జనాన్ని పిలిచింది. రెండు చోట్లా పని సాగింది మాత్రం ఒకరికొకరు తెలిసిన కొద్దిమంది కూర్చోగలిగిన చోటే.

ఓరంగీ కమిటీల్లో చాలావాటికి ఆయుష్షు తక్కువ. గొట్టం వేయడం అయిపోయాక కమిటీ సద్దుమణిగేది. ఎక్కడైనా పూడుకుపోతే మళ్లీ నలుగురు చేరేవారు. 1999లో ఖాన్ కన్నుమూసే నాటికి ఇది అక్కడ మామూలు అలవాటు.

కాబట్టి వచ్చే ఆదివారం మీటింగులో ‘ఇది ఎవరి పని’ అని ఎవరైనా లేస్తే, ఒక కాగితం తెచ్చి కాలనీ గొట్టాలు గీయమనండి. మన గొట్టం పెద్ద కాల్వలో కలిసే ఆఖరి మ్యాన్‌హోల్ దగ్గర ఒక చుక్క పెట్టమనండి. ఆ చుక్కకు ఇవతలిది ఆ రోజే చందా పుస్తకంలోకి ఎక్కుతుంది. అవతలిది పటంతో సహా అర్జీలోకి వెళుతుంది.