హ్యూమన్ పాపిలోమా వైరస్ (హెచ్‌పీవీ)

చర్మానికీ, లోపలి మృదువైన పొరలకీ సోకే వైరస్‌ల సమూహం. 200కు పైగా రకాలున్నాయి. చేతులపై మామూలు పులిపిర్లు తెచ్చేవి కొన్ని. లైంగిక సంపర్కంతో సోకేవి మరికొన్ని. వీటిలో 6, 11 రకాలు జననాంగాల వద్ద పులిపిర్లు పుట్టిస్తాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి 16, 18 రకాలే కారణం. పురుషులలోనూ గొంతు, మలద్వార క్యాన్సర్లు రావచ్చు. ఈ వైరస్‌కూ ముఖద్వార క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని కనిపెట్టిన జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి దక్కింది.

సోకినవారిలో ఎక్కువమందికి ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. పరీక్షలో వైరస్ కనిపిస్తే క్యాన్సర్ వచ్చినట్టు కాదు. అది ఎవరి నడతకూ మచ్చ కాదు. ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తేనే ముప్పు. కణాలు క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా 15–20 ఏళ్లు పడుతుంది. అంత గడువున్నా పట్టుకోలేకపోవడమే విషాదం. ముఖద్వారంపై పలచని అసిటిక్ ఆమ్లం అద్ది ఒక నిమిషం ఆగితే, మార్పు వచ్చిన చోటు తెల్లగా తేలుతుంది. దాన్ని అప్పుడే తొలగించవచ్చు.

టీకా 2006లో వచ్చింది. వైరస్ సోకకముందు, 9–14 ఏళ్ల వయసులో వేయిస్తే మేలు. ఖమ్మం జిల్లాలో 2009లో బాలికలకు మొదలైన టీకా కార్యక్రమం 2010లో ఆగిపోయింది. అక్కడ టీకా వేయించుకున్న కొందరు బాలికలు మరణించగా, ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని విచారణలో తేలినా, సమ్మతి తీసుకున్న తీరులో తీవ్ర లోపాలు బయటపడ్డాయి.