వరికి ముందు వచ్చే కూడు: ఉత్తరాంధ్ర ఇంటివంటలో రుతువులు, కొరత, పదజాలం

వ్యాససంగ్రహం

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల ఇంటివంటలో కాలానుగుణంగా దొరికే తాజా పంటలకున్న స్థానాన్ని చారిత్రకంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. ఏ నెలలో ఏది దొరికితే అది తినడాన్ని నేడు ఆరోగ్యకరమైన అభిరుచిగా ప్రశంసిస్తున్నారు. ఈ ప్రాంతంలో అది అభిరుచి కంటే ముందు అవసరం. కొత్త పంట రుచి, పాత గింజ నిండుకున్న నెలల ఆకలి ఒకే పంచాంగంలో పక్కపక్కనే ఉన్నాయి. చోడి, గోగు, మామిడి, తాటి, పనస అనే ఐదింటిని ఆధారంగా చేసుకొని, ఈ వంటింటి జ్ఞానం ఎలా ఏర్పడిందో, దాన్ని మోసే పదజాలం నేడు ఏ స్థితిలో ఉందో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: ఉత్తరాంధ్ర, చోడి, అంబలి, గోగు, మామిడి, కొత్తల పండుగ, వంటింటి పదజాలం.

1. ఉపోద్ఘాతం

ప్రాంతీయ చరిత్ర రచనకు శాసనాలు, కైఫీయతులు, రెవెన్యూ పత్రాలు ప్రధాన ఆధారాలు. ఉత్తరాంధ్ర విషయంలో 1869లో వెలువడిన కార్మైకేల్ విశాఖపట్నం జిల్లా మాన్యువల్, 1882 నాటి మాల్ట్‌బీ గంజాం జిల్లా మాన్యువల్, 1907 నాటి ఫ్రాన్సిస్ విశాఖపట్నం గెజిటీరు పరిశోధకులకు సుపరిచితాలు. వీటిలో భూమి, శిస్తు, నీటివనరులు, వర్షపాతం, కరవుల వివరాలు విస్తారంగా ఉన్నాయి. పంట పండించేవారికి, శిస్తు కట్టేవారికి వాటిలో చోటు దొరికింది. ఆ పంటను వండి, దాచి, నెలలకు సరిపెట్టినవారికి మాత్రం ప్రత్యేక అధ్యాయం లేదు.

పాలనా హద్దులు పలుమార్లు మారాయి. శ్రీకాకుళం 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం జిల్లాలో ఉండేది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా, 1979 జూన్ 1న విజయనగరం జిల్లా, 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడ్డాయి. ఇన్ని మార్పుల మధ్య కూడా కొండ, మెట్ట, పల్లం, తీరం అనే నాలుగు నేలల వరుస మాత్రం స్థిరంగా ఉంది. తూర్పు కనుమల నుంచి దిగే నాగావళి, వంశధార, చంపావతి నదులు తక్కువ దూరంలోనే సముద్రాన్ని చేరతాయి. అందువల్ల ఒకే సంతలో కొండ చింతపండు, మెట్ట చోడి, పల్లపు బియ్యం, తీరపు ఎండుచేప కలుసుకోగలిగాయి. ఈ ప్రాంత ఇంటివంటకు పునాది ఈ భౌగోళిక సామీప్యమే.

2. చోడి: వరికి ముందు వచ్చే కూడు

రాయలసీమలో ‘రాగి’గా, తెలంగాణలో ‘తైద’గా వ్యవహరించే ధాన్యానికి ఉత్తరాంధ్రలో ‘చోడి’ అని పేరు. ఇతర ప్రాంతాల్లో సజ్జలనేవాటిని ఇక్కడ ‘గంటెలు’ అంటారు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం తెలుగు మాండలికాలను నాలుగు మండలాలుగా విభజించి, శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాలను పూర్వమండలంగా గుర్తించింది. ఈ భాషావిభజనలో పంటల పేర్లకు ముఖ్యమైన పాత్ర ఉంది.

చోడికి ఇక్కడ దక్కిన ప్రాధాన్యానికి కారణం దాని కాలం. వానాకాలపు వరి ఇంటికి చేరేది మార్గశిర, పుష్య మాసాల్లో. నిరుటి గింజలు శ్రావణ, భాద్రపదాలకే అడుగంటేవి. తొలకరితో వేసిన పునాస చోడి, గంటె వరికంటే ముందుగా కోతకు వచ్చేవి. గంటె సుమారు మూడు నెలల్లో, చోడి దానికి కొద్దిగా అటుఇటుగా ఇల్లు చేరేవి. పెద్ద పంట వచ్చేదాకా కుటుంబాన్ని నిలబెట్టినవి ఈ చిన్న గింజలే. చోడిని కేవలం ‘పేదల తిండి’గా పేర్కొంటే ఈ కాలసంబంధం మరుగున పడుతుంది. అది ఖాళీ నెలలను దాటించిన వారధి.

అంబలి తయారీలోనూ ఈ పొదుపు కనిపిస్తుంది. చోడిపిండిని ముందురోజే నీటిలో కలిపి పులియనిస్తారు. మర్నాడు గుప్పెడు నూకలు ఉడికించి, పులిసిన పిండినీళ్లు అందులో పోసి కాస్తారు. కొద్దిపాటి గింజ ఎక్కువమందికి సరిపోతుంది, పులుపు వల్ల ఎండవేళ కూడా నిలవ ఉంటుంది, పొలానికి మోసుకుపోవడం తేలిక. నంజుకోవడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఆవకాయ ముక్క లేదా కాల్చిన ఎండుచేప చాలు. విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం విడుదల చేసిన చోడి వంగడాల్లో రెండింటికి స్థానిక నదుల పేర్లయిన ‘చంపావతి’, ‘వేగావతి’ పెట్టడం ఈ పంటకూ ఈ నేలకూ ఉన్న అనుబంధానికి ఆధునిక సాక్ష్యం.

3. గోగు: ఆకు ఇంటికి, నార మిల్లుకు

గోంగూరను తెలుగువారందరి వంటకంగా చెప్పుకోవడం పరిపాటి. ఉత్తరాంధ్రలో గోగు వాణిజ్య పంట కూడా. నెల్లిమర్ల, చిట్టివలస జూట్ మిల్లుల చుట్టూ గోగునార వ్యాపారం విస్తరించింది. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన స్థానం ఈ పంటపైనే ప్రత్యేక కృషి చేసింది.

ఒకే మొక్క రెండు ఆర్థిక వ్యవస్థలకు చెందడం ఇక్కడి విశేషం. తొలకరి తర్వాత లేత ఆకు వంటింటిది. దాన్ని పప్పులో వేసినా, పచ్చడి నూరినా, ఎండురొయ్యతో కలిపి వండినా అందులో నగదు ప్రసక్తి లేదు. మొక్క ఎదిగి కాండం ముదిరాక అది మార్కెట్‌ది. కోసి, కట్టలు కట్టి, చెరువునీటిలో ఊరవేసి నార తీస్తారు. నారకు ధర ఉంది, లెక్క ఉంది, రశీదు ఉంది. చేనుగట్టున ఒడిలో నింపుకున్న ఆకుకు లెక్క లేదు. అందుకే గోగునార చరిత్ర పత్రాల్లో దొరుకుతుంది, గోగాకు చరిత్ర వంటింట్లోనే ఉండిపోయింది. నారకు గిరాకీ తగ్గి సాగు కుదించుకుపోయినప్పుడు రైతు నష్టం అంకెల్లోకి వస్తుంది. కూలి ఇంటికి ఉచితంగా దొరికే కూర పోవడం ఏ అంకెలోకీ రాదు.

4. మామిడి: ఒకే కాయ, రెండు అనుభవాలు

వేసవిలో ఈ ప్రాంతపు తోటల్లో ప్రసిద్ధమైనది సువర్ణరేఖ. పచ్చికాయ పప్పులోకి, ఆవకాయకు, మాగాయకు. ముక్కలను ఎండబెడితే ఒరుగులకు. పండు రసానికి, తాండ్రకు పనికివస్తాయి. విజయనగరం జిల్లా లక్కవరపుకోట మండలంలోని భీమాళి గ్రామం తాండ్రకు పేరుపొందింది. గుజ్జులో తీపి కలిపి చాపలమీద పలుచగా పూసి, ఎండాక మరో పొర పూస్తూ రోజుల తరబడి మందం పెంచుతారు. వైశాఖంలోని పండును వానాకాలంలోకి మోసుకుపోయే పద్ధతి ఇది. ఎండ తీవ్రత, గాలిలో తేమ, పొర ఆరిన తీరు చేత్తో తాకి తెలుసుకోవలసినవే.

మైదానంలో తీపి జ్ఞాపకంగా నిలిచిన ఈ కాయకే కొండప్రాంతంలో మరో ముఖం ఉంది. పండు తిన్నాక టెంకలను పారవేయకుండా ఎండబెట్టి, లోపలి జీడిని పలుమార్లు నానబెట్టి వగరు తీసి, పిండిచేసి అంబలి కాచుకోవడం గిరిజన కుటుంబాల్లో కరవు నెలల ఆహారం. సరిగా ఎండని టెంక వానల్లో బూజుపడితే అదే ప్రాణాంతకం. పార్వతీపురానికి పొరుగున ఉన్న ఒడిశా రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో 2001లో టెంక అంబలి తాగినవారు మరణించిన ఘటన దేశవ్యాప్తంగా చర్చనీయాంశమైంది. ఆ మరణాలకు కారణం కలుషితమైన టెంకా, ఆకలా అన్న వివాదం నాడు చెలరేగింది. టెంకను తినవలసి రావడమే ఆకలికి సాక్ష్యమని గుర్తిస్తే ఆ రెండు కారణాలనూ విడదీయడం కష్టం. కాలానుగుణ ఆహారాన్ని కీర్తించే ఏ రచనైనా ఈ రెండో ముఖాన్ని విస్మరిస్తే అది అర్ధచరిత్రే అవుతుంది.

5. తాటి, పనస: చెట్టే పంచాంగం

గింజ పంటలకు కోతకాలం ఒక్కటే. తాటిచెట్టు మాత్రం ఏడాదిలో పలుమార్లు వంటింటికి అక్కరకు వస్తుంది. వేసవిలో ముంజలు, శ్రావణ భాద్రపదాల్లో పండు, పాతిన టెంకలు మొలకెత్తాక చలికాలంలో తేగలు లభిస్తాయి. పండు గుజ్జును పిండితో కలిపి కాల్చే తాటిరొట్టె సరిగ్గా గింజ తక్కువైన నెలల్లోనే రావడం గమనార్హం.

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస పరిసరాల ఉద్దానం కొబ్బరి, జీడి, పనస తోటలకు ప్రసిద్ధి. లేత పనసకాయను సన్నగా కొట్టి పొట్టు చేయడం, ఉడికించి, పోపు పెట్టి, దించిన తరువాత ఆవముద్ద కలపడం ఇక్కడి ఇళ్లలో వేడుకల వంట. ఆవను పొయ్యిమీద ఉండగా కలిపితే చేదెక్కుతుంది. పుస్తకం లేకుండా ఒక తరం నుంచి మరో తరానికి అందిన ఇటువంటి సూక్ష్మాలే పాకశాస్త్రమయ్యాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఈ తోటలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. వరి పోతే మరుసటి ఏడాది మళ్లీ వేయవచ్చు. కొబ్బరి, పనస తిరిగి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. తోటతోపాటు ఆ కుటుంబాల రుతుక్రమం కూడా కూలిపోయింది.

6. తాజాదనానికి నియమం, నిలవకు శ్రమ

సీతంపేట పరిసరాల సవర, జాతాపు గిరిజనుల్లో ‘కొత్తల పండుగ’ సంప్రదాయం ఉంది. కందికొత్తల పండుగ జరిగేదాకా కొత్త కందిని తినరాదన్నది నియమం. మామిడి వంటి ఇతర ఫలసాయాలకూ ఇటువంటి పండుగలున్నాయి. దేవతకు నివేదించాకే భుజించడం ఇందులోని విశ్వాసం. దాని ఆచరణాత్మక ఫలితం కూడా స్పష్టమే: పక్వానికి రాకముందే కోత జరగదు, ఊరంతా ఒకేసారి కొత్తరుచిని అందుకుంటుంది. మైదానంలో సంక్రాంతికి కొత్తబియ్యం, కొత్తబెల్లంతో అరిసెలు వండడం ఇదే భావానికి మరో రూపం.

తాజాను తినడం ఎంత ముఖ్యమో, మిగిలినదాన్ని నిలవచేయడం అంతే ముఖ్యం. నౌపడ ఉప్పుకొఠార్ల ఉప్పు, తీరంలో ఎండిన చేప, ఆవపిండి, నువ్వులనూనె, బెల్లం ఈ నిలవకు సాధనాలు. ఈ శ్రమ దాదాపు పూర్తిగా స్త్రీలది. వంటచెరకు సేకరణ కూడా అందులో భాగమే. విజయనగరానికి చెందిన చాసో రాసిన ‘కుంకుడాకు’ కథ, పొయ్యిలోకి ఆకులు ఏరుకునే పేద బాలికను కేంద్రంగా చేసుకొని, పొయ్యి వెలగడం వెనుక ఉన్న వర్గవాస్తవాన్ని చూపింది. గింజ ఉన్నంతమాత్రాన కూడు సిద్ధం కాదని ఆ కథ గుర్తుచేస్తుంది.

7. పరిణామాలు

వంశధారపై గొట్టా బ్యారేజి, నాగావళిపై తోటపల్లి, నారాయణపురం ఆనకట్టల కింద వరిసాగు స్థిరపడింది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ప్రవేశపెట్టిన కిలో 2 రూపాయల బియ్యం పథకం పేదఇంటి పొయ్యిమీదికి ఏడాది పొడవునా అన్నాన్ని తెచ్చింది. శ్రావణ, భాద్రపదాల ఆకలి తీవ్రత తగ్గడంలో దీని పాత్ర గణనీయం. అదే సమయంలో ఖాళీ నెలలను దాటించే వారధిగా చోడికి ఉన్న అవసరం కూడా తగ్గింది. దీన్ని నష్టంగా మాత్రమే చూడడం, నాటి ఆకలిని అనుభవించినవారి పట్ల అన్యాయమే.

ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక చోడికి పట్టణాల్లో కొత్త గౌరవం లభించింది. అయితే దుకాణపు పొట్లంమీద అది ‘రాగిపిండి’గా తిరిగివచ్చింది. ధాన్యం తిరిగివచ్చినా పేరు తిరిగిరాలేదు. ‘పునాస చోడి’ అన్న మాటలో ఏ నెలలో విత్తాలో, ఎప్పుడు తినాలో, ఏ ఆకలిని అది తీర్చిందో ఇమిడి ఉంది. పొట్లంమీది పేరుకు నెల లేదు, నేల లేదు.

8. ముగింపు

పై పరిశీలన వల్ల ఈ అంశాలు తేలుతున్నాయి.

1. ఉత్తరాంధ్ర ఇంటివంటలో రుతుక్రమం రుచికి, కొరతకు ఏకకాలంలో సంబంధించినది. తాజాగా తినడం, నిలవచేయడం, తక్కువను ఎక్కువమందికి సరిపెట్టడం అనే మూడు నేర్పులు కలిసి దీన్ని రూపొందించాయి.

2. మార్కెట్‌కు చేరిన నార, తాండ్ర, కొబ్బరి లెక్కల్లో నిలిచాయి. ఇంట్లోనే వినియోగమైన ఆకు, టెంక, తేగ లెక్కకు అందలేదు. వీటి చరిత్రకు భాష, పండుగ, సాహిత్యమే ప్రధాన ఆధారాలు.

3. వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం పొలం పదాలను భద్రపరచింది. అదే శ్రద్ధతో నెలవారీగా వంటింటి పదాలను, తయారీ క్రమాలతో సహా, ఊరూరా వృద్ధస్త్రీల నుంచి సేకరించవలసి ఉంది. ఈ ప్రాంత కళాశాలల తెలుగు శాఖలు విద్యార్థుల క్షేత్రపర్యటనల ద్వారా చేపట్టదగిన పని ఇది. ఖాళీ నెలలను స్వయంగా గడిపి, అంబలితో ఇల్లు నడిపిన తరం ఇంకా ఉన్నప్పుడే ఇది సాధ్యం.