రేకు చాటున దాగిన విచ్ఛిత్తి

కృష్ణ ఒడ్డున ఇబ్రహీంపట్నము విద్యుత్కేంద్రములో బొగ్గు మండునపుడు ఒక్క కర్బన పరమాణువు ఇచ్చు శక్తిని ఒకటి యనుకొన్నచో, యురేనియము కేంద్రక మొకటి చీలినపుడు వెలువడు శక్తి సుమారు 5 కోట్లగును. ఇంతటి ఘటన ప్రయోగశాలలలో నాలుగేండ్లపాటు జరుగుచుండియు ఎవరి కంటను పడకపోవుట వింతయే.

1934లో రోమునగరమున ఫెర్మీయు, ఆయన సహచరులును రేడాన్ వాయువును బెరీలియపు పొడితో గాజుగొట్టములో బంధించి, అందుండి వచ్చు న్యూట్రాన్లతో మూలకములను ఒక్కొక్కటిగా తాడించిరి. గొట్టమునుండి వచ్చు గామా కిరణములు గైగర్ గణకమును కలవరపెట్టును. అందుచే గణకమును దూరముగ నుంచిరి. వెండిలో పుట్టు రేడియో ధార్మికత రెండున్నర నిమిషములలోపే సగమగును. కావున ఆ వెండిని చేతబట్టి వసారా వెంట పరుగెత్తవలసి వచ్చెడిది! అక్టోబరులో నడుమ పారఫిన్ మైనము నుంచగా ధార్మికత అనేక రెట్లు పెరిగెను. మైనములోని హైడ్రోజనుతో ఢీకొని మందగించిన న్యూట్రానును కేంద్రకము సులభముగ పట్టుకొనును. ఇదియే న్యూట్రాన్ గ్రహణము.

అట్లు పట్టుకొన్న కేంద్రకము తరచుగా బీటా కణమును విడిచి మరుసటి మూలకమగును. ఈ నియమమును నమ్మియే, 92వ మూలకమైన యురేనియమునుండి 93వది పుట్టినదని వారు తలచిరి. కేంద్రకము ముక్కలై యుండవచ్చునని ఇడా నోడాక్ ఆ యేడే వ్రాసినను పట్టించుకొన్నవారు లేరు. తరువాత అయనీకరణ పేటికతో వెదకినపుడు, యురేనియము సహజముగ వెలువరించు ఆల్ఫా కణములు అడ్డు రాకుండ దానిపై అల్యూమినియపు రేకు కప్పిరి. ఆ రేకే విచ్ఛిత్తి శకలములను కూడ ఆపివేసెను.

1938 డిసెంబరులో బెర్లినునందు హాన్, స్ట్రాస్‌మన్‌లు తాము రేడియ మనుకొన్న పదార్థమును బేరియమునుండి ఎంత యత్నించినను వేరుచేయలేకపోయిరి. అది బేరియమే! లీజా మైట్నరు, ఆమె సోదరి కుమారుడు ఫ్రిష్ దాని యర్థమును చెప్పిరి. 1939 జనవరిలో కోపెన్‌హేగనులో ఫ్రిష్ రేకు జోలికి పోలేదు. చిన్న స్పందనలను విడిచి పెద్దవానినే లెక్కించునట్లు పరికరమును సర్దెను. ఆల్ఫాలు తొలగెను, శకలములు మిగిలెను.

1940లో ఫ్రిష్ లివర్‌పూలులోని చాడ్విక్ ప్రయోగశాలలో చేరెను. యుద్ధకాలముననే అచ్చట బీటా కిరణములపై పరిశోధించిన తెలుగువారు, భీమవరము ప్రాంతపు గొరగనమూడిలో 1896లో జన్మించిన స్వామి జ్ఞానానందగారు. గ్రహణానంతరము కేంద్రకమున నేమి జరిగినదో చెప్పునవి ఈ కిరణములే. అయస్కాంత క్షేత్రమున బీటా కణము ఎంత వంగునో కొలిచినచో దాని శక్తి తెలియును. దారిలో గాలి యున్న కొలత చెడును. శూన్యము సాధించు విధానములపై స్వామివారు గ్రంథమునే రచించిరి. పిదప విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయపు కేంద్రక భౌతికశాస్త్ర శాఖను నెలకొల్పి, ఈ కొలతలను తెలుగు విద్యార్థుల చేతికి అందించిరి.